పరీక్షింపక టార్కు కన్వర్టరును మార్చరాదు

లారీ మొరాయించినప్పుడు విడిభాగమును మార్చుటకు మనము చూపెడి తొందర, లోపమును కనుగొనుటకు చూపుట లేదు. మేమును ఈ తప్పు చేసినవారమే. చెరువుమట్టిని పొలములకు తోలుటకై మా సంఘము కొన్న పాత టిప్పరు తనంతట తాను గేర్లు మార్చుకొను జాతిది. నిరుడు వేసవిలో అది బరువుతో కట్ట యెక్కలేక, ఇంజను మాత్రము హోరుపెట్టుచుండగా నిలిచిపోయెను. మెకానిక్కు చూచి టార్కు కన్వర్టరు పోయినదనెను. మేము తలయూపితిమి. క్రొత్తది వేయించిన పదవనాడు బండి మరల అదే కట్టమీద నిలిచెను. అసలు లోపము, కూలరునకు పోవు గొట్టము చిట్లి గేరుబాక్సు నూనె కారిపోవుటయే. సభ్యుల సొమ్ము పోయెను సరే. తొలకరి వచ్చిపడగా కొందఱు మట్టి లేకయే దుక్కి దున్నుకొనిరి.

మన లారీలలో పెక్కింటికి క్లచ్చిప్లేటు కలదు. దాని పోకడ డ్రైవర్లందఱు నెఱుగుదురు. టార్కు కన్వర్టరు వేఱు. జర్మనీ ఇంజనీరు హెర్మన్ ఫోటింగరు 1905లో ఓడలకై దీనికి పేటెంటు పొందెను. ఎదురెదురుగానున్న రెండు పంకాలలో ఒకదాని గాలికి రెండవది తిరుగునట్లు, ఇంజను త్రిప్పు చక్రము నూనెను విసరగా గేరుబాక్సువైపు చక్రము తిరుగును. నడుమ స్టేటరను మూడవ చక్రము నూనెను మళ్లించి, బండి కదలునప్పుడు లాగుడు బలమును హెచ్చించును. నూనెయే లేనప్పుడు ఎంత మంచి కన్వర్టరైనను ఏమి చేయగలదు?

కనుక మొదట చూడవలసినవి నూనెమట్టము, రంగు, వాసన. మాడువాసన కొట్టిన గేరుబాక్సు లోపలి క్లచ్చిలు కాలినవని శంకింపవలెను. పిమ్మట స్టాలు పరీక్ష. చక్రములకు అడ్డుదిమ్మలు పెట్టి, బ్రేకులు గట్టిగా పట్టి, బండిముందు నెవ్వరిని నిలువనీయక, గేరులో నుంచి యాక్సిలరేటరు పూర్తిగా త్రొక్కి, నిమిషమునకు ఇంజను ఎన్ని చుట్లు తిరుగుచున్నదో చూడవలెను. 5 సెకండ్లకు మించి త్రొక్కరాదు. నూనె మితిమీరి వేడెక్కును. కంపెనీ పుస్తకములోని అంకెకంటె చుట్లు హెచ్చినచో, గేరుబాక్సు క్లచ్చిలు జాఱుచున్నవి, లేదా నూనె చాలలేదు. తగ్గినచో ఇంజను బలహీనము, లేదా స్టేటరు పట్టు తప్పినది. ఇంజను బాగుగానున్నదని తేలిన తరువాతనే కన్వర్టరును అనుమానింపదగును. మా బండికి ఈ పరీక్ష జరిగియుండిన చుట్లు హెచ్చియే కనబడెడివి.

నిజముగా మార్చవలసివచ్చినను కూలరును, గొట్టములను కడిగించుట మానరాదు. పాత ఇనుపరజను క్రొత్తదానిని తినివేయును. కన్వర్టరు పంపులో పూర్తిగా కూర్చున్నదో లేదో కొలువక బోల్టులు బిగించినచో పంపు పగులును.

మెకానిక్కులను నిందించుట మా యుద్దేశము కాదు. పరీక్షకు కూలి యివ్వక, విప్పి బిగించుటకు మాత్రమే ఇచ్చుచు మనమే వారికీ యలవాటు చేసితిమి. పరీక్షకు వేఱుగా రుసుము చెల్లించి, అంకెలు వ్రాయించుకొని, కార్యవర్గము వానిని చూచిన పిమ్మటనే గేరుబాక్సు విప్పింపవలెనని రాబోవు సర్వసభ్య సమావేశమున తీర్మానింప గోరుచున్నాము. పాత కన్వర్టరు ఇప్పటికిని గోదాములో ఎరువుబస్తాల ప్రక్కనున్నది. అది మంచిదే యని మా నమ్మకము. దానిని పరీక్షింపించి అమ్మి, వచ్చిన సొమ్మును మరమ్మతు ఖాతాకు జమకట్టవలెను.