సీటొచ్చాక సంగతి

వెబ్ ఆప్షన్లు పెట్టుకునే దివ్యాంగ విద్యార్థికి అందరూ చెప్పేది ఒకటే: ర్యాంకుకు అందే పెద్ద కాలేజీ పట్టెయ్. అది సగం సలహా. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు ఉంచాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం చెప్పింది, సంతోషం. కానీ క్లాసు రెండో అంతస్తులో, లిఫ్టు తాళం ఆఫీసులో ఉండి, బాత్రూం తలుపులో వీల్‌చైర్ పట్టకపోతే ఆ పిల్ల సాయంత్రం దాకా మంచినీళ్లు ముట్టకుండా కూర్చోవాలి. అంతకన్నా ఇవన్నీ సరిగా ఉన్న చిన్న కాలేజీ నయం. చిన్న కాలేజీ పట్టాకు ఉద్యోగమెవరిస్తారంటారా? న్యాయమైన ప్రశ్నే, హాజరు చాలక మధ్యలో ఆగిన చదువుకూ ఎవరూ ఇవ్వరు మరి. చూపు లేదని ఇంటర్‌లో సైన్స్ నిరాకరిస్తే బొల్లా శ్రీకాంత్ పోరాడి చదివి ఎంఐటీ దాకా వెళ్లారు, నిజమే. అంతటి పోరాటాన్ని ప్రతి పదిహేడేళ్ల పిల్లకూ అర్హత పరీక్షగా పెడతామా? ‘ఒక్కరి కోసం లిఫ్టా’ అనే యాజమాన్యాల మాట ఉత్త సాకు; ప్రాంగణం అందరికీ అందుబాటులో ఉండాలన్న చట్టం తలలు లెక్కపెట్టమనలేదు. కనుక ఆప్షన్ పెట్టేముందు ఒకసారి వెళ్లి చూడాలి. పరీక్షలో స్క్రైబ్‌ను ఎవరు ఏర్పాటు చేస్తారో, గంటకు 20 నిమిషాల అదనపు సమయం నిజంగా ఇస్తున్నారో ప్రిన్సిపాల్‌ని కాదు, అక్కడ చదువుతున్న సీనియర్లను అడగాలి.