బ్రేకు వేయడానికి నియమం, లోపం కనిపెట్టడానికి కృత్రిమ మేధ

2025 నవంబర్ 4న ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ సమీపంలో ఒక మెము ప్యాసింజర్ రైలు, ఆగి ఉన్న గూడ్సు బండిని వెనుక నుంచి ఢీకొంది. పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఇలాంటి ప్రమాదం జరిగిన ప్రతిసారీ ‘ఇంత కృత్రిమ మేధ వచ్చింది కదా, రైళ్లను ఆపలేదా?’ అన్న ప్రశ్న వినిపిస్తుంది. ప్రశ్న న్యాయమైనదే. కానీ అన్ని పనులకూ కృత్రిమ మేధే మందు కాదు.

రైళ్లు ఢీకొనకుండా చూసేందుకు మన దేశంలో తయారైన వ్యవస్థ ‘కవచ్’. 2020లో దీన్ని జాతీయ వ్యవస్థగా స్వీకరించారు. 2022 మార్చిలో దక్షిణ మధ్య రైల్వే పరిధిలోని గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య రైలింజన్లను ఎదురెదురుగా నడిపి దీని పనితీరును చూపించారు. పట్టాల మధ్య అమర్చిన ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగుల వల్ల రైలు ఎక్కడుందో తెలుస్తుంది. సిగ్నల్ సమాచారం రేడియో ద్వారా ఇంజన్‌కు చేరుతుంది. లోకో పైలట్ సమయానికి బ్రేకు వేయకపోతే కవచే వేస్తుంది. ఇందులో యంత్రం సొంతంగా నేర్చుకునేది ఏమీ లేదు. ముందే రాసిపెట్టిన నియమాన్ని పాటించడమే దాని పని.

ఒకప్పుడు కృత్రిమ మేధ కూడా చాలావరకు నియమాల మీదే నడిచింది. యంత్రాలు ఆలోచించగలవా అని 1950లో అలన్ ట్యూరింగ్ ప్రశ్నించారు. 1956లో అమెరికాలోని డార్ట్‌మత్‌లో జరిగిన సదస్సుతో ఈ రంగానికి పేరు స్థిరపడింది. నిపుణుల జ్ఞానాన్ని నియమాలుగా మార్చిన ఎడ్వర్డ్ ఫైగన్‌బామ్, మాటలను గుర్తించే యంత్రాలపై పనిచేసిన తెలుగువాడు రాజ్ రెడ్డి 1994 ట్యూరింగ్ అవార్డును కలిసి అందుకున్నారు.

అయితే కొన్ని విషయాలు నియమాలకు లొంగవు. బొగ్గు ధూళి పట్టిన స్ప్రింగులో పగులు పగటివేళ ఒకలా, వానలో మరోలా కనిపిస్తుంది. ఈ తేడాలన్నిటికీ నియమాలు రాయడం అసాధ్యం. అందుకే ఉదాహరణలు చూపి యంత్రానికి నేర్పే మార్గం వచ్చింది. 1958లో ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్ పెర్సెప్ట్రాన్‌తో దీనికి బాట వేసినా, తగినన్ని ఉదాహరణలు, వేగవంతమైన కంప్యూటర్లు సమకూరడానికి దశాబ్దాలు పట్టింది. 2012లో అలెక్స్‌నెట్ బొమ్మలను గుర్తించడంలో పాత పద్ధతులను దాటేసింది. 2017లో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ నమూనా నుంచే 2022 నాటి చాట్‌జీపీటీ పుట్టింది.

బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణానికి ఈ రెండో మార్గంతోనూ పని ఉంది. ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. కోర్బా బొగ్గు ఈ జోన్ మీదుగానే కదులుతుంది. 2022 ఆగస్టు 15న ఈ జోన్ నడిపిన ‘సూపర్ వాసుకి’ గూడ్సు రైలుకు 295 వ్యాగన్లు. వ్యాగన్‌కు 8 చొప్పున లెక్కేస్తే 2,360 చక్రాలు. కదిలే బండిలో అన్నిటినీ కంటితో చూడటం మనిషికి కష్టం. పట్టాల పక్కన కెమెరాలు పెట్టి, వేలాడుతున్న, ఊడిపోయిన భాగాలను కృత్రిమ మేధతో గుర్తించే వ్యవస్థలు అందుకే వస్తున్నాయి.

అయితే నేర్చుకున్న యంత్రం చెప్పేది ఒక అంచనా మాత్రమే. అది మంచి చక్రాల్లో నూటికి 99ని సరిగ్గా గుర్తిస్తుందని అనుకుందాం. వినడానికి గొప్పగానే ఉంటుంది. కానీ అంత పొడవైన బండిలో దాదాపు 24 మంచి చక్రాలకు తప్పుడు హెచ్చరిక వస్తుంది. ప్రతిసారీ ఆపితే రైళ్లు కదలవు. విసిగి పట్టించుకోవడం మానేస్తే అసలు లోపం దాటిపోతుంది.

కాబట్టి బ్రేకు నియమం చేతిలోనే ఉండాలి. కృత్రిమ మేధ పరిశీలనకు, హెచ్చరికకు పరిమితం కావాలి. ఎన్ని లోపాలను అది పట్టుకోలేకపోయిందో, ఎన్నిసార్లు అనవసరంగా హెచ్చరించిందో రైల్వేలు విడివిడిగా ప్రకటించాలి. ‘ఇంత శాతం కచ్చితత్వం’ అన్న ఒక్క అంకె చాలదు. ఇక్కడి ధూళిలో, వానలో, రాత్రివేళల్లో తీసిన చిత్రాలతోనే దానికి నేర్పాలి. ఆ చిత్రాల్లో ఏది లోపమో, ఏది కాదో చెప్పగలిగేది ఏళ్ల తరబడి యార్డుల్లో వ్యాగన్లు తనిఖీ చేసిన సిబ్బందే. వారి అనుభవమే ఆ యంత్రానికి పాఠ్యపుస్తకం. యంత్రం వచ్చిందని వారిని తగ్గిస్తే, దాని తప్పులు దిద్దేవారే ఉండరు.