కారు కంటే ముందు ప్లగ్గు చూసుకోవాలి

విద్యుత్తు కారు కొనదలచినవారు షోరూముకు బయలుదేరే ముందు లిథియం బజారు వైపు ఒకసారి చూడడం మంచిది. 2022 నవంబరులో చైనాలో టన్ను లిథియం కార్బొనేటు సుమారు 6 లక్షల యువాన్లు పలికింది. 2025 మధ్యకు వచ్చేసరికి అదే సరుకు 60 వేల యువాన్ల దరిదాపులకు దిగజారింది. మూడేళ్లు నిండకుండానే ధర పదో వంతుకు పడిపోయింది. మిరపలోనూ పసుపులోనూ ఎన్నో హెచ్చుతగ్గులు చూసిన మన వర్తకులు సైతం ఇంతటి పతనాన్ని అరుదుగా చూసి ఉంటారు. 2025 చివరి నెలల్లో మళ్లీ తేజీ కనిపించినప్పటికీ, పాత శిఖరం చాలా దూరంలోనే ఉండిపోయింది.

ఈ పతనానికి కారణం గిరాకీ తగ్గడం కాదు. కార్ల అమ్మకాలు పెరుగుతూనే ఉన్నవి. 2022 నాటి ధర చూసి ఆస్ట్రేలియా, చైనా, దక్షిణ అమెరికా, ఆఫ్రికాలలో గనులవారు ఒక్కసారిగా ఉత్పత్తి పెంచారు. ఒక ఏడాది మిరప ధర బాగుంటే మరుసటి ఏడాది ఊరంతా మిరప వేసినట్లే జరిగింది. 2023 జులైలో గ్వాంగ్జౌ ఎక్స్ఛేంజిలో లిథియం వాయిదా వ్యాపారం ప్రారంభమయ్యే నాటికే సరఫరా గిరాకీని మించిపోతున్నది.

బజారులో జరిగినది షోరూములో ప్రతిఫలించింది. 2024 ఫిబ్రవరిలో టాటా కంపెనీ బ్యాటరీ సెల్లుల ధర తగ్గడమే కారణమని చెప్పి నెక్సాన్ విద్యుత్తు కారు ధరను రు. 1.20 లక్షల వరకు, టియాగో ధరను రు. 70 వేల వరకు తగ్గించింది. దీనికి తోడు విద్యుత్తు కార్లపై జి.ఎస్.టి. 2019 ఆగస్టు నుంచి 5 శాతమే. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మినహాయించింది. ముడి సరుకు చవక, పన్ను తక్కువ. ఇక కొనడానికి అడ్డేమిటని అడిగేవారు ఉన్నారు. అడ్డు కారులో లేదు, కారు నిలిపే చోట ఉన్నది.

ముందుగా కట్టే సొమ్ము

పెట్రోలు కారు కొన్నవారు ఇంధనం ఖర్చును ఏ రోజుకు ఆ రోజు బంకులో కడతారు. విద్యుత్తు కారు కొన్నవారు అందులో పెద్ద భాగాన్ని బ్యాటరీ రూపంలో మొదటి రోజే కట్టేస్తారు. సీజనులో సరుకు కొని కోల్డు స్టోరేజిలో పెట్టుకున్న వర్తకుని పరిస్థితి వంటిదే ఇది. తర్వాత లాభమా, నష్టమా అన్నది రెండు సంగతులపై ఆధారపడి ఉంటుంది. ఆ సరుకును ఎంత త్వరగా వాడుకుంటారన్నది మొదటిది. నిల్వకు రోజువారీ ఎంత ఖర్చవుతున్నదన్నది రెండవది.

బ్యాటరీ ధర 2010లో ఒక యూనిట్ నిల్వ సామర్థ్యానికి వెయ్యి డాలర్లకు పైన ఉండేది. 2024లో ప్రపంచ సగటు 115 డాలర్లు. ఆ లెక్కన 45 యూనిట్ల బ్యాటరీ ఖరీదే రు. 4 లక్షల పైమాట. పోలిక గల పెట్రోలు కారు కంటే విద్యుత్తు కారు రెండు మూడు లక్షలు ఎక్కువ పలకడానికి ప్రధాన కారణం ఇదే. అంతేకాక 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్లపై జి.ఎస్.టి. 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కాబట్టి పన్నులో విద్యుత్తు కారుకున్న ఆధిక్యం కొంత తరిగిందని కొనుగోలుదారులు గమనించాలి.

ఒకే కారు, రెండు లెక్కలు

హైదరాబాద్ లో ఇద్దరు ఒకే మాదిరి విద్యుత్తు కారు కొన్నారనుకుందాం. ఒకరు కూకట్ పల్లిలో సొంత ఇల్లు ఉన్న వ్యాపారి. ఆయన కారు నిలిపేది తన ఇంటి ఆవరణలో, తన మీటరు పక్కన. రెండవవారు మియాపూర్ లో మూడవ అంతస్తులో అద్దెకున్న బ్యాంకు ఉద్యోగి. ఆయన కారు నిలిపేది నేలమాళిగలో, ప్లగ్గు లేని గోడ పక్కన. ఇద్దరూ ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరుగుతారు. పెట్రోలు కారుపై అదనంగా ఇద్దరూ కట్టినది రు. 3 లక్షలు.

పెట్రోలు కారైతే లీటరుకు 15 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 800 లీటర్లు కావాలి. హైదరాబాద్ లో లీటరు పెట్రోలు 2024 మార్చి తగ్గింపు తర్వాత కూడా రు. 107 దాటే ఉన్నది. రు. 107.50 చొప్పున కడితే ఏటా రు. 86,000 అవుతుంది.

విద్యుత్తు కారుకు, చార్జింగులో పోయే నష్టం కూడా కలుపుకుంటే, ఒక యూనిట్ కు 6 కిలోమీటర్లు లెక్క వేసుకోవచ్చు. అంటే ఏడాదికి 2,000 యూనిట్లు. వ్యాపారి ఇంట్లో ఇప్పటికే ఏ.సి., గీజరు ఉంటాయి కాబట్టి కారు యూనిట్లన్నీ పై స్లాబులోనే పడతాయి. 2022లో సవరించిన రేట్లలో నెలకు 400 యూనిట్లు దాటినవారికి యూనిట్ రు. 9.50. ఆ రేటు మీద కట్టినా ఆయనకు ఏటా రు. 19,000 అవుతుంది. పెట్రోలుతో పోలిస్తే మిగులు రు. 67,000. అదనంగా పెట్టిన 3 లక్షలు నాలుగున్నర ఏళ్లలో తిరిగి వస్తాయి. తర్వాత వచ్చేదంతా లాభమే. ఇంటి మీద సౌర ఫలకాలు వేయించుకుంటే లెక్క ఇంకా బాగుంటుంది.

బ్యాంకు ఉద్యోగి వీధి చార్జింగు కేంద్రానికి పోక తప్పదు. అక్కడ వేగంగా ఎక్కించే చార్జరు వద్ద పన్నుతో కలిపి యూనిట్ కు రు. 22 అనుకుంటే ఏటా రు. 44,000. మిగులు రు. 42,000 మాత్రమే. పెట్టుబడి తిరిగి రావడానికి ఏడేళ్లు దాటుతుంది. బ్యాటరీకి కంపెనీలు సాధారణంగా ఇస్తున్న హామీ 8 ఏళ్లు. అంటే హామీ ముగిసే ముందు ఆయన అసలు రాబట్టుకుంటారు, అంతే. కేంద్రం వద్ద వేచి ఉన్న గంటలకు విలువ కడితే అది కూడా మిగలదు. ఏడాదికి 6 వేల కిలోమీటర్లు మాత్రమే తిరిగేవారైతే ఆయన స్థితిలో 14 ఏళ్లు పడుతుంది. అటువంటివారికి పెట్రోలు కారే మేలన్నది నిర్వివాదాంశం.

కారు ఒకటే, ధర ఒకటే, రాయితీ ఒకటే. ఒకరికి లాభసాటి బేరమైనది మరొకరికి కాలేదు. ఇద్దరి మధ్య తేడా గోడకు బిగించిన ఒక ప్లగ్గు.

ఏ బ్యాటరీ, ఎంత దూరం

బ్యాటరీలో ప్రధానంగా రెండు రకాలు ఉన్నవి. నికెల్, కోబాల్టు కలిసినది ఒకటి. ఇనుము, ఫాస్ఫేటు కలిసినది మరొకటి. ఇది ఎల్.ఎఫ్.పి. పేరుతో చెలామణి అవుతున్నది. నికెల్ బజారు ఎంతటి చంచలమైనదో 2022 మార్చి 8న లోకమంతా చూసింది. లండన్ మెటల్ ఎక్స్ఛేంజిలో టన్ను ధర లక్ష డాలర్లు దాటిపోయి, నాటి లావాదేవీలే రద్దు చేయవలసి వచ్చింది. కోబాల్టులో సింహభాగం కాంగో దేశానిది. ఆ దేశం 2025 ఫిబ్రవరిలో ఎగుమతులు నిలిపివేసి, అక్టోబరు నుంచి కోటా విధించింది. ఎల్.ఎఫ్.పి. రకానికి ఈ రెండు బెడదలూ లేవు. పైగా వేడిని మెరుగ్గా తట్టుకుంటుంది, ఎక్కువ మార్లు చార్జింగుకు ఓర్చుకుంటుంది. బరువు కాస్త ఎక్కువన్నదే లోపం. మన ఎండలకు, మన జేబులకు ఇదే తగినదని చెప్పవచ్చు.

నికెల్ రకానికి రోజూ 80 శాతం వరకు ఎక్కించి ఆపడం శ్రేయస్కరం. ఎల్.ఎఫ్.పి. రకాన్ని మాత్రం అప్పుడప్పుడు నూరు శాతం నింపకపోతే ఎంత నిల్వ ఉన్నదో మీటరు సరిగా చూపలేదు. వేగంగా ఎక్కించే చార్జరును ప్రయాణాలకు ఉంచుకుని, రోజువారీ అవసరానికి ఇంటి ప్లగ్గు వాడుకుంటే బ్యాటరీ ఆయుర్దాయం పెరుగుతుంది.

ప్రకటనలలోని దూరాన్ని యథాతథంగా నమ్మరాదు. 45 యూనిట్ల నెక్సాన్ కు పరీక్షా కేంద్రం లెక్క 489 కిలోమీటర్లు. వాడకంలో వచ్చేది సుమారు 350 నుంచి 375 అని కంపెనీయే వేరుగా చెబుతున్నది. హైదరాబాద్ నుంచి విజయవాడకు సుమారు 275 కిలోమీటర్లు. ఏ.సి. వేసుకుని, హైవే వేగంతో పోతే ఒక్క చార్జింగుతో చేరవచ్చు గాని మనసు కుదురుగా ఉండదు. సూర్యాపేట వద్ద టిఫిను చేసే అరగంటలో కొంత ఎక్కించుకోవడం వివేకం. పండుగ రోజుల్లో అక్కడ ముందు ఎందరు ఉంటారో కూడా లెక్కలో వేసుకోవాలి.

పాత కారుకు గిరాకీ

ముడి సరుకు ధర పడితే కొత్తగా కొనేవారికి సంతోషం, పాత సరుకు చేతిలో ఉన్నవారికి దిగులు. కొత్త కారు లక్ష తగ్గిన నాడు పాత కారు విలువ అంతకు మించి తగ్గుతుంది. అమెరికాలో కార్లు అద్దెకిచ్చే హెర్జ్ కంపెనీ 2024 జనవరిలో 20 వేల విద్యుత్తు కార్లను అమ్మకానికి పెట్టి, విలువ తరుగుదల కింద 24.5 కోట్ల డాలర్లు రాసుకోవలసి వచ్చింది. అయితే ఈ నష్టం అమ్మేవారిదే గాని వాడుకునేవారిది కాదు. ఇంట్లో బంగారానికి ధర తగ్గితే అమ్ముకునేవారే బాధపడతారు. మూడేళ్లకొకసారి కారు మార్చే అలవాటున్నవారు విద్యుత్తు కారు జోలికి పోకపోవడం మంచిది. పదేళ్లు ఉంచుకోదలచినవారు బజారు గురించి బెంగ పెట్టుకోనక్కరలేదు. ఆ బెంగ అసలే వద్దనుకునేవారికి బ్యాటరీని అద్దెకు ఇచ్చే పద్ధతి కూడా వచ్చింది. 2024 సెప్టెంబరులో ఎం.జి. విండ్సర్ కారును రు. 9.99 లక్షలకు ఇచ్చి, బ్యాటరీకి కిలోమీటరుకు రు. 3.50 చొప్పున వసూలు చేశారు. విద్యుత్తు ఖర్చు దీనికి అదనం. ఇంటి చార్జింగుతో కలిపి కిలోమీటరుకు ఐదు రూపాయలు దాటుతుంది. పెట్రోలు ఖర్చుతో తేడా అంతంత మాత్రమే.

రాయితీ ఎవరికి చేరుతున్నది?

పది లక్షలు దాటిన కారుకు మాఫీ అయ్యే జీవితకాల పన్ను లక్షన్నరకు పైమాటే. ఈ సొమ్ము ప్రజల ఖజానాది. సొంత ఇల్లు, సొంత గరాజు ఉన్నవారే విద్యుత్తు కారుతో నిజమైన లాభం పొందుతున్నప్పుడు, ఈ రాయితీలో అధిక భాగం వారికే చేరుతున్నది. ప్లగ్గు ఉన్నవారికి రాయితీ లేకపోయినా లాభమే. ప్లగ్గు లేనివారికి రాయితీ ఇచ్చినా చాలదు.

నిబంధనలు లేకపోలేదు. కొత్త భవనాలలో పార్కింగులో 20 శాతానికి చార్జింగు ఏర్పాటు ఉండాలని కేంద్రం 2019లో ఆదర్శ భవన నిబంధనలను సవరించింది. వినియోగదారుడు కారు చార్జింగుకు వేరే కనెక్షను పొందవచ్చునని 2024 ఫిబ్రవరి సవరణ చెబుతున్నది. కాని నగరంలో మధ్యతరగతివారు ఎక్కువగా ఉంటున్నది పాత అపార్ట్ మెంట్లలో. అక్కడ మీటరు గది నుంచి పార్కింగు వరకు వైరు లాగడానికి సంఘం ఒప్పుకోవాలి. అద్దెకున్నవారికైతే ఇంటి యజమాని కూడా ఒప్పుకోవాలి.

సంఘాల భయాలను కొట్టిపారేయరాదు. ఉమ్మడి మీటరు నుంచి ఒకరు కారు నింపుకుంటే బిల్లు అందరి నెత్తిన పడుతుంది. మూడవ అంతస్తు కిటికీలోంచి ఎక్స్ టెన్షన్ వైరు వేలాడదీస్తే అగ్నిప్రమాదానికి ఆహ్వానమే. ఈ ఆక్షేపణలు న్యాయమైనవి. వేరే మీటరు, తగిన మందం గల వైరు, విడిగా ఎం.సి.బి., సరైన ఎర్తింగు ఉంటే రెండింటికీ సమాధానం దొరుకుతుంది.

లోడు భయం మాత్రం లెక్కకు నిలవదు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే కారుకు రోజుకు ఐదున్నర యూనిట్లు చాలు. 16 ఆంపియర్ల మామూలు ప్లగ్గుతో రెండు గంటలలోపు పని. పది కార్లున్నా రాత్రికి 55 యూనిట్లు. ఎనిమిది గంటలకు వంతులవారీగా పంచితే ఏడు కిలోవాట్లే అవుతుంది. పదీ ఒకేసారి పెడితే మాత్రం 33 కిలోవాట్లు. కాబట్టి కావలసినది పెద్ద ట్రాన్స్ ఫార్మర్ కంటే ముందు వంతుల పద్ధతి.

ప్రభుత్వం చేయవలసినది ఇందులోనే ఉన్నది. ఒక్క కారుకు వదులుకున్న పన్నుతో ఒక పాత అపార్ట్ మెంటులో మీటర్ల బోర్డు, వైరింగు, పలు ప్లగ్గులు ఏర్పాటుచేయవచ్చు. ఖరీదైన కార్లకు పన్ను మాఫీని తగ్గించి, ఆ సొమ్మును పాత భవనాల వైరింగుకు మళ్లించాలి. వేరే మీటరు కోరినవారి దరఖాస్తుకు విద్యుత్తు సంస్థ గడువు విధించుకోవాలి. అద్దెదారు కోరినప్పుడు, ఖర్చు తానే భరిస్తానన్నప్పుడు, కారణం చూపకుండా నిరాకరించే అధికారం సంఘానికి ఉండరాదు.

లిథియం ధర రేపు పెరగవచ్చు, తగ్గవచ్చు. దానిపై గాని, కాంగో కోటాపై గాని హైదరాబాద్ కు పెత్తనం లేదు. నేలమాళిగ గోడ మాత్రం మన చేతిలో ఉన్నది. ఆ గోడకు ప్లగ్గు వచ్చేవరకు మియాపూర్ బ్యాంకు ఉద్యోగి తొందరపడకపోవడమే క్షేమం.