గురకకు ఛార్జిషీటా?



రాత్రి షిఫ్టులో మిషను పక్కన కునుకు తీసినవాడికి మర్నాడు ఛార్జిషీటు వస్తుంది. ముప్పై ఏళ్ల కిందట నేను పనిచేసిన మిల్లులో రింగ్ ఫ్రేం సైడర్ ఒకతనికి అలా రెండుసార్లు వచ్చింది. తాగి వచ్చాడన్నారు. మేమూ నమ్మాం. నిజానికి అతను చుక్క ముట్టని మనిషి. ఇంట్లో పడుకుంటే అతని గురకకు పక్కింటివాళ్లు లేచేవారు. మధ్యలో గురక ఆగి, ఊపిరీ ఆగి, ఉలిక్కిపడి లేచేవాడు. అది జబ్బని నాకు తెలియదు. క్షమాపణ పత్రం రాయించి ఉద్యోగం నిలబెట్టానే గాని డాక్టరు దగ్గరకు తీసుకుపోలేదు. ఆ సంగతి ఇప్పటికీ బాధిస్తుంది.

ఆ జబ్బు పేరు స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు కండరాలు వదులై, అంగిలి, నాలుక వెనక్కి జారి గాలి దారిని మూసేస్తాయి. పది సెకన్లు, అంతకు మించి కూడా ఊపిరి ఆగుతుంది. గంటకు 30 సార్లు, ఆపైన ఇలా జరిగితే జబ్బు ముదిరినట్టు లెక్క. ఎనిమిది గంటలు పడుకున్నా నిద్ర లేనట్టే. బి.పి. పెరుగుతుంది. 'గ్యాంగ్ లీడర్' పాటలు కట్టిన బప్పీ లహిరి 2022 ఫిబ్రవరిలో ఈ జబ్బుతోనే పోయారని ముంబయి డాక్టర్లు చెప్పారు.

ఇక ఆపరేషన్ మాట. మన గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు పోయినవాళ్లు పన్నెండు గంటల షిఫ్టు చేసి, ఒకే గదిలో వంతులవారీగా పడుకుంటారు. గురక పెట్టేవాడితో గదిలో రోజూ గొడవే. అప్పు చేసైనా కోయించుకుంటానంటాడు. తొందర వద్దు. 1981లో అమెరికాలో ఫుజితా అనే డాక్టరు ఈ జబ్బుకు కొండనాలుకను, వదులైన అంగిలిని కత్తిరించే ఆపరేషన్ గురించి రాశాడు. అదే ఏడు ఆస్ట్రేలియాలో సల్లివాన్ అనే డాక్టరు ముక్కుకు తొడుగు పెట్టి, గాలి ఒత్తిడితో దారి తెరిచి ఉంచే సీప్యాప్ పద్ధతి చూపించాడు. నేటికీ పెద్దలకు ముందు చెప్పేది ఆ మిషనే. దాన్ని భరించలేనివాళ్లకు ఆపరేషన్. టాన్సిల్స్ బాగా పెరిగి దారి మూసినవాళ్లకు కోత మేలు చేస్తుంది. పిల్లలకైతే తరచు అదే మొదటి వైద్యం. కాని అడ్డం నాలుక మొదట్లో ఉంటే కొండనాలుక కోసి ఏం లాభం? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మనవాళ్లు ఊరికే అనలేదు. కొందరికి ఆపరేషన్ తర్వాత తాగిన నీళ్లు ముక్కులోకి వస్తాయి. ఇంకో చిక్కుంది: గురక పోయినా ఊపిరి ఆగడం మిగిలిపోవచ్చు. అందుకే కోతకు ముందూ తర్వాతా నిద్ర పరీక్ష చేయించాలి.

కాబట్టి మన డిమాండ్ ఇది: పదేపదే కునికే కార్మికుడికి ఛార్జిషీటు ఇచ్చేముందు యాజమాన్యం తన ఖర్చుతో నిద్ర పరీక్ష చేయించాలి. ఇ.ఎస్.ఐ. కార్డున్నవారు డిస్పెన్సరీలో గురక సంగతి, పగటి మత్తు సంగతి దాచకుండా చెప్పి ఇ.ఎన్.టి. డాక్టరుకు రాయించుకోండి. కార్డు లేనివారికి బరంపురంలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉంది. వెళ్లేటప్పుడు ఇంట్లో ఆడవాళ్లను వెంట తీసుకెళ్లండి. మీ ఊపిరి ఆగడం చూసింది వాళ్లే, డాక్టరు అడిగేదీ వాళ్లనే.