బుంగ దశలోనే సంతకం పడాలి

సాగునీటి శాఖలో ఒక మరమ్మతుకు ఎవరు సంతకం పెట్టవచ్చు, ఎంత మొత్తం వరకు పెట్టవచ్చు అన్నది బయటివారికి ఆఫీసు వ్యవహారంలా కనిపిస్తుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల రైతులకు మాత్రం అది కాలువలో నీళ్లు ఎన్ని రోజులు ఆగిపోతాయో తేల్చే విషయం. 2020 డిసెంబరు చివర్లో తెలంగాణ ప్రభుత్వం ఈ శాఖను పునర్వ్యవస్థీకరించి రాష్ట్రాన్ని 19 మంది చీఫ్ ఇంజినీర్ల పరిధులుగా విభజించింది. వనపర్తి, నాగర్‌కర్నూల్ రెండూ చీఫ్ ఇంజినీర్ల కేంద్రాలయ్యాయి. దాంతోపాటే అత్యవసర మరమ్మతులను పై అనుమతి కోసం చూడకుండా మంజూరు చేసే అధికారాన్ని కింది స్థాయి ఇంజినీరు దాకా ఇచ్చింది. ఒక్కో పనికి డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు (డిప్యూటీ ఈఈ) 2 లక్షలు, ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు (ఈఈ) 5 లక్షలు, సూపరింటెండింగ్ ఇంజినీరు (ఎస్‌ఈ) 25 లక్షలు, చీఫ్ ఇంజినీరు (సీఈ) 50 లక్షలు, ఇంజినీర్-ఇన్-చీఫ్ (ఈఎన్‌సీ) కోటి రూపాయల వరకు మంజూరు చేయవచ్చంది. ఏడాది మొత్తానికీ ఒక్కొక్కరికి ఒక హద్దు పెట్టింది. ఈ పనుల కోసం ఏటా 280 కోట్ల రూపాయలు కేటాయిస్తామని చెప్పింది. అది మంచి నిర్ణయం. అయితే అంకె ఒకసారి రాసేసి వదిలేస్తే ఆ మంచి ఎంతోకాలం నిలవదు. ఈ పరిమితులను ధరల సూచీతో ముడిపెట్టి రెండేళ్లకోసారి తప్పనిసరిగా సవరించాలి. ఆ అధికారంతో ఖర్చుపెట్టిన ప్రతి రూపాయి లెక్కనూ ఆయకట్టు రైతు ముందు పెట్టాలి. ఈ రెంటిలో ఏ ఒక్కటి లేకపోయినా రెండోదానివల్ల మేలు జరగదు.

ఈ మూడు జిల్లాల పేర్లే ఎందుకు ఎత్తాలంటే, మరమ్మతు ఆలస్యమైతే ఎంత నష్టమో ఇక్కడ ప్రతి ఆయకట్టుకూ తెలుసు. కృష్ణా మీది జూరాల ప్రాజెక్టు కింద లక్ష ఎకరాలకు పైగా ఆయకట్టు ఉంది. నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతలు ఆ నీటితోనే బతుకుతున్నాయి. కల్వకుర్తి ఎత్తిపోతల శ్రీశైలం వెనుక జలాలను నాగర్‌కర్నూల్ జిల్లా ఎల్లూరు దగ్గర తోడి మూడు దశల్లో పైకి పంపుతుంది. తుంగభద్ర మీది రాజోలిబండ మళ్లింపు పథకం కింద అలంపూర్ ప్రాంతానికి 87,500 ఎకరాల ఆయకట్టు లెక్క ఉంది. వనపర్తి జిల్లాలో 1959లో పూర్తయిన సరళాసాగర్ ఆటోమేటిక్ సైఫన్లతో పేరు తెచ్చుకున్న ప్రాజెక్టు. ఏళ్ల తర్వాత నిండిన ఆ జలాశయం కట్టకు 2019 డిసెంబరు 31న గండి పడి నీళ్లన్నీ వెళ్లిపోయాయి. 2020 అక్టోబరు 16న ఎల్లూరు పంప్‌హౌస్‌లోకి నీళ్లు చేరి 30 మెగావాట్ల మోటార్లు మునిగాయి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోతే పదుల టీఎంసీల నీరు నదిలోకి పోయింది. 2025 జూన్‌లో వరద మొదలయ్యే వేళ జూరాల గేట్ల ఇనుప రోప్‌లు తెగిన సంగతి బయటపడింది. వీటికి కారణాలు వేర్వేరు, బాధ్యులూ వేర్వేరు. తుంగభద్ర డ్యామ్ అయితే మన రాష్ట్రం చేతిలోనే లేదు. సంతకాల పరిమితి పెంచి ఉంటే ఇవన్నీ ఆగేవని ఎవరైనా అంటే అది నిజం కాదు. అయితే కట్టలు, గేట్లు, పంపుల విషయంలో నిర్వహణ ఖర్చుకూ నష్టం ఖర్చుకూ మధ్య దూరం ఎంత ఉంటుందో ఈ ఘటనలు స్పష్టంగా చూపాయి.

సాగునీటి మరమ్మతుకు ఉన్న ప్రత్యేక లక్షణం కాలం. మట్టికట్టలో బుంగ పడితే మొదటిరోజు మట్టి బస్తాలు, కొంత కంకర, నలుగురు కూలీలతో ఆగుతుంది. నీటి ఒత్తిడికి మట్టి కొట్టుకుపోతున్నకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది. రెండోరోజుకు పొక్లెయిన్ కావాలి. గండి పడిన తర్వాత కొత్త అంచనా, కొత్త డిజైను, టెండరు, పంట నష్టం, పరిహారం అన్నీ వరస కడతాయి. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. తూము షట్టరు వంగినా, గేటు రబ్బరు సీలు చినిగినా, డిస్ట్రిబ్యూటరీ లైనింగ్ కూలినా లెక్క ఇంతే. వరి పొట్ట మీద ఉన్నప్పుడు, నడిగడ్డలో, అంటే గద్వాల-అలంపూర్ ప్రాంతంలో, సీడ్ పత్తి రైతులు క్రాసింగ్ చేయిస్తున్నప్పుడు పది రోజులు నీళ్లు ఆగితే ఆ నష్టం ఏ మంజూరు ఉత్తర్వూ పూడ్చలేదు. పని విలువ అధికారి పరిమితి దాటిన మరుక్షణం ఫైలు పై మెట్టు ఎక్కుతుంది. అక్కడ సందేహం వస్తే కిందికి దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. ఆ ప్రయాణంలో ఎవరి తప్పూ ఉండకపోవచ్చు. నష్టం మాత్రం రైతు పొలంలో జరుగుతుంది. అందుకే పరిమితి అంకె ఎంత ఉండాలన్నది సాంకేతికమైన ప్రశ్నగా కాక, పంటకు సంబంధించిన ప్రశ్నగా చూడాలి.

ఇప్పుడు ఆ అంకెకు ఏం జరుగుతుందో చూద్దాం. వినియోగదారుల ధరల సూచీ 2020 చివర్లో 158 దగ్గర ఉండేది. 2025 చివరికి 197 దాకా వచ్చింది. అంటే ఐదేళ్లలో ధరలు దాదాపు నాలుగో వంతు పెరిగాయి. 2 లక్షల పరిమితి అలాగే ఉంటే దాని సత్తా లక్షా 60 వేలకు పడిపోయినట్టే. 5 లక్షలు 4 లక్షలైనట్టే. ప్రభుత్వం ఏ ఉత్తర్వూ ఇవ్వకుండానే, ఎవరూ నిర్ణయించకుండానే ఇంజినీరు అధికారంలో ఐదో వంతు చేజారిపోతుంది. నిన్న డిప్యూటీ ఈఈ మంజూరు చేయగలిగిన పనికే నేడు ఈఈ దగ్గరకు, ఈఈ చేసిన పనికి ఎస్‌ఈ దగ్గరకు వెళ్లాల్సి వస్తుంది. వికేంద్రీకరణ అని ప్రకటించిన విధానం ఇలా చడీచప్పుడూ లేకుండా కేంద్రీకరణగా మారుతుంది.

ఇది ఊహ కాదనడానికి కేంద్ర ప్రభుత్వ కొనుగోలు నియమాల చరిత్రే రుజువు. 2005 నాటి సాధారణ ఆర్థిక నియమావళి కొటేషన్లు లేకుండా కొనే పరిమితిని 15 వేల రూపాయలుగా పెట్టింది. దాన్ని 25 వేలు చేయడానికి 2017 వరకు, అంటే 12 ఏళ్లు పట్టింది. 50 వేలకు పెరిగింది 2024 జులైలో. ఈ 19 ఏళ్లలో పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ మూడున్నర రెట్లయింది. కాబట్టి 15 వేలు 50 వేలైనా, కొత్తగా ఇచ్చింది ఏమీ లేదు. పోయినదాన్ని తిరిగి ఇచ్చారు, అదీ పూర్తిగా కాదు. ఎంపిక చేసిన సరఫరాదారుల నుంచి మాత్రమే టెండర్లు పిలిచే పరిమితి కథ ఇంకా విచిత్రం. 2005లో 25 లక్షలు, 2017లోనూ 25 లక్షలే. 2024లో 50 లక్షలైంది. రెట్టింపైనట్టు అనిపించినా నిజ విలువలో అది 2005 కంటే చాలా తక్కువ. చేయి తిరిగిన ఆర్థిక శాఖే ఇలా ఏళ్ల తరబడి వాయిదా వేస్తే, రాష్ట్ర శాఖలు తమంతట తాము గుర్తుంచుకుని సవరిస్తాయని నమ్మి కూర్చోలేం. గుర్తుచేసే పని నియమానికే అప్పగించాలి.

అలా అప్పగించిన దేశాలున్నాయి. అమెరికాలో ప్రభుత్వ కొనుగోళ్ల పరిమితులను ఐదేళ్లకోసారి ద్రవ్యోల్బణానికి తగ్గట్టు సవరించాలని చట్టమే చెబుతుంది. ఆ ప్రకారం 2025 అక్టోబరు 1 నుంచి చిన్న కొనుగోళ్ల పరిమితి 10 వేల డాలర్ల నుంచి 15 వేలకు, సరళ పద్ధతిలో కొనే పరిమితి రెండున్నర లక్షల నుంచి మూడున్నర లక్షల డాలర్లకు పెరిగింది. ఐరోపా సమాఖ్య తన టెండరు పరిమితులను రెండేళ్లకోసారి మారకపు విలువలను బట్టి సరిచేస్తుంది. లెక్క తగ్గమంటే తగ్గిస్తుంది కూడా. మన దగ్గరే ప్రభుత్వోద్యోగుల కరవు భత్యం ఏటా రెండుసార్లు ధరల సూచీని బట్టి మారుతోంది. దాని కోసం ప్రతిసారీ కొత్త సిద్ధాంత చర్చ జరగదు. జీతానికి వర్తించే ఈ న్యాయం కట్ట మరమ్మతుకు ఎందుకు వర్తించకూడదు? నిర్మాణ సామగ్రి ధరలు, కూలి రేట్లు, డీజిల్ ఖర్చు కలిపి శాఖ దగ్గర రేట్ల పట్టిక ఎలాగూ ఉంటుంది. రెండేళ్లకోసారి ఆ పట్టిక ఎంత పెరిగితే అంత శాతం పరిమితులు పెరగాలని ఒక్క వాక్యం చేరిస్తే చాలు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం అవినీతి. కింది అధికారి చేతిలో ఎక్కువ అధికారం పెడితే పెద్ద పనిని ముక్కలు చేసి పరిమితిలోకి ఇముడ్చుకుంటారని, నచ్చినవారికి నామినేషన్ మీద ఇస్తారని, జరగని పనికి కొలతల పుస్తకం నిండుతుందని అంటారు. ఈ భయం నిజమైనది, దాన్ని కొట్టిపారేయకూడదు. అయితే ముక్కలు చేయడానికి పురికొల్పేది తక్కువ పరిమితే. 6 లక్షల పనికి 5 లక్షల హద్దు అడ్డొస్తే నిజాయితీ ఉన్న ఇంజినీరు కూడా, నీళ్లు ఆగకూడదన్న తొందరలో దాన్ని రెండు పనులుగా రాయాల్సిన ఇరకాటంలో పడతాడు. అవసరం కోసం ముక్కలు చేయడం అలవాటైన చోట, లాభం కోసం ముక్కలు చేసేవాణ్ని పట్టుకోవడం కష్టం. పరిమితి వాస్తవానికి దగ్గరగా ఉన్నప్పుడే ఒకే కాలువ మీద, ఒకే నెలలో, ఒకే గుత్తేదారుకు వెళ్లిన వరస పనులు అనుమానంగా కళ్లకు కనబడతాయి. పైగా పై సంతకం ఎక్కువైతే అవినీతి తగ్గుతుందన్న నమ్మకానికి ఆధారం లేదు. సంతకాలు పెరిగినకొద్దీ బాధ్యత పలచబడుతుంది. అంచనా తయారుచేసినవాడు పైవారు ఒప్పుకున్నారంటాడు, పైవారు కిందివారు రాసిందే చూశామంటారు.

అవినీతికి అసలు మందు వెలుగు. ఆ వెలుగు ఎలా పెట్టాలో తెలుగునేలకు తెలుసు. ఉపాధి హామీ పనుల్లో 2006లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సామాజిక తనిఖీ మొదలుపెట్టి దేశానికి దారి చూపింది. ఊరి మనుషులే మస్టర్లు చదివి, పని చోటుకు వెళ్లి కొలిచి, మండల ప్రజావేదికలో అందరి ఎదుట అధికారిని ప్రశ్నించే పద్ధతి అది. అత్యవసర మరమ్మతులకూ దాన్ని తేవాలి. మంజూరైన వారం లోపు పని పేరు, చోటు, మొత్తం, గుత్తేదారు పేరు పంచాయతీ నోటీసు బోర్డు మీదా శాఖ వెబ్‌సైట్‌లోనూ ఉండాలి. పనికి ముందు, తర్వాత తీసిన ఫొటోలు, కొలతలు జతచేయాలి. 1997 నాటి రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం నీటి వినియోగదారుల సంఘాలను తెచ్చింది. ఆ సంఘాలకు మళ్లీ జీవం పోసి, పని జరిగిందని చివరి ఆయకట్టు రైతు ధ్రువీకరించాకే చివరి బిల్లు చెల్లించాలి. తూము దగ్గర ఏం వేశారో ఆ తూము కింద పొలం ఉన్నవాడికి తెలిసినంతగా హైదరాబాద్‌లోని ఏ ఆడిటరుకూ తెలియదు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. ఖజానాలో డబ్బు లేనప్పుడు పరిమితి పెంచి ఏం లాభం, బిల్లులు నెలల తరబడి ఆగుతుంటే గుత్తేదారు పొక్లెయిన్ ఎందుకు పంపుతాడు అన్నది ఆ ప్రశ్న. ఇందులో సగం నిజముంది. చెల్లింపు లేని మంజూరు ఉత్త కాగితమే. కాబట్టి పరిమితి సవరణతోపాటు నిర్వహణ నిధిని విడిగా ఉంచాలి, చిన్న మరమ్మతుల బిల్లులను పెద్ద ప్రాజెక్టుల బిల్లుల వరసలో నిలబెట్టకుండా ముందు చెల్లించాలి. 2025-26 రాష్ట్ర బడ్జెట్‌లో సాగునీటికి 23 వేల కోట్ల రూపాయలకు పైగా కేటాయించారు. 280 కోట్లు అందులో సుమారు ఒకటింబావు శాతం. కొత్త కాలువ తవ్వడానికి ఇంత ఖర్చుపెట్టే రాష్ట్రం, తవ్విన కాలువను కాపాడే ఈ చిన్న భాగాన్ని తాకకుండా ఉంచలేనంత పేదది కాదు. డబ్బు కొరత ఉన్నప్పుడే మరమ్మతు మరీ ముఖ్యం. వేలల్లో పోయేదాన్ని కోట్లకు తెచ్చుకునే స్తోమత కొరతలో ఉన్నవాడికి అసలే ఉండదు.

మూడోది, బయటికి ఎవరూ గట్టిగా అనని అభ్యంతరం. అధికారం ఇచ్చినా ఇంజినీర్లు వాడరని, రేపు విజిలెన్స్ అడిగితే ఎవరు దిక్కని ఫైలు పైకే నెడతారని అంటారు. ఈ భయం తీరాలంటే అత్యవసరం అంటే ఏమిటో నియమంలోనే రాయాలి. కట్టలో బుంగ, గేటు కదలకపోవడం, రోప్ తెగడం, పంప్‌హౌస్‌లోకి నీరు రావడం, పంట కాలంలో కాలువ తెగడం వంటివి జాబితాగా ఉండాలి. ఆ జాబితాలోని పనికి, పరిమితి లోపల, ఫొటోలతో కొలతలతో చేసిన మంజూరును నిర్ణయపు తప్పుగా ఎత్తిచూపకూడదు. మోసం ఉంటేనే చర్య ఉండాలి. అదే సమయంలో జాబితాలోని ప్రమాదం కళ్లెదుట ఉన్నా సంతకం పెట్టని అధికారి ఎందుకు పెట్టలేదో చెప్పాలి. పెట్టిన సంతకానికే కాదు, పెట్టని సంతకానికీ జవాబుదారీ ఉండాలి.

జూరాల గేట్లన్నీ మార్చడం, ఎల్లూరు పంప్‌హౌస్‌ను బాగుచేయడం వంటి భారీ పనులు ఈ పరిమితుల్లో ఇమడవు, ఇమడకూడదు కూడా. వాటికి టెండరు, డిజైను, నిపుణుల పరిశీలన ఉండి తీరాలి. ఇక్కడ అడుగుతున్నది అంతకుముందు దశ గురించి: గ్రీజు, సీలు, రోప్ తనిఖీ, కట్ట మీది ముళ్లకంప, తూము షట్టరు, పూడిక. వీటిని సకాలంలో చూసుకుంటే భారీ పనుల అవసరం చాలావరకు వాయిదా పడుతుంది. ప్రభుత్వం వచ్చే వానాకాలం లోపు ఒక ఉత్తర్వు ఇవ్వాలి. రెండేళ్లకోసారి పరిమితుల సవరణ, మరమ్మతు నిధికి విడి ఖాతా, వారంలోగా వివరాల వెల్లడి, రైతు ధ్రువీకరణ అన్నవి అందులో ఉండాలి. ఈ మూడు జిల్లాల శాసనసభ్యులు పార్టీలకు అతీతంగా దీన్ని సభలో అడగాలి. రైతు సంఘాలు కొత్త కాలువల కోసం చేసే డిమాండ్ల పక్కనే దీన్నీ రాసుకోవాలి. అనుమతి ఆలస్యమై గండి పడితే నష్టపోయేది ఫైలు కాదు, ఆ నీటిని నమ్ముకుని నారు పోసిన కుటుంబం.