గోడ మీద తోరణం వంకరగానే ఉండనివ్వండి



ఫాల్గుణం వచ్చిందంటే పొలాల గట్ల మీద మోదుగ చెట్లు ఆకు రాల్చి నిండా ఎర్రగా పూస్తాయి. ఆ వెనకే మామిడి పిందెలు, వేపపూత, ఉగాది, మట్టల ఆదివారం, ఈస్టరు. బయట ఇంత సందడి జరుగుతున్నా మంచం పట్టిన పెద్దవారికి కనబడేది తెల్ల సున్నం గోడ, సెలైను స్టాండు, తిరిగే ఫ్యాను మాత్రమే. వారికి ఏ నెలైనా ఒకటే. అందుకే మా వృద్ధుల వార్డులో కొన్నేళ్లుగా ఈ కాలంలో రంగు కాగితాలతో పువ్వులు, తోరణాలు చేయించి గోడలకు పెడుతున్నాం.

ఇది ఊరికే కాలక్షేపం కాదని, మందులు ఇచ్చినట్లే ఇదీ సేవలో భాగమని నా అభిప్రాయం. అయితే చేయించే తీరులో మనం, ముఖ్యంగా నర్సులం, ఒక తప్పు చేస్తుంటాం. నేనూ చేశాను.

ఒక ఏడాది మా వార్డులో డెబ్బై ఎనిమిదేళ్ల మామ్మగారు ఉండేవారు. పక్షవాతం వల్ల ఎడమ చేతిలో పట్టు తగ్గిపోయింది. మొదటి రోజు ఒక స్టూడెంటు నర్సు ఆమెకు కుందేలు బొమ్మ ఉన్న కాగితం, రంగు పెన్సిళ్లు ఇచ్చింది. "ఇదేమిటమ్మా, నేనేమన్నా అంగన్‌వాడీకి వచ్చానా?" అని మామ్మగారు గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆమె మాటలో న్యాయం ఉంది. వయసు పైబడినంత మాత్రాన ఎవరూ చిన్నపిల్లలు అయిపోరు.

మాటల్లో తెలిసిందేమంటే, ఆమె వయసులో ఉండగా మోదుగాకులతో విస్తళ్లు కుట్టి అమ్మేవారట. మర్నాడు నారింజ రంగు క్రేప్ కాగితం తెచ్చి, "మోదుగ పూలు చేద్దామా?" అన్నాం. కాగితం చూసి, "ఇంకాస్త ఎరుపు ఉండాలమ్మా, రేక చిలకముక్కులా వంగాలి" అంటూ ఆమే మాకు నేర్పడం మొదలుపెట్టారు. కదలని ఎడమ చేతిని కాగితం మీద బరువులా పెట్టుకుని, కుడి చేత్తో మడత వేసేవారు. పూల తర్వాత మామిడాకుల తోరణం పట్టారు. ఇరవై ఒక్క ఆకులు చేయడానికి పది రోజులు పట్టింది.

ఆ వారంలోనే ఆసుపత్రికి అతిథులు వస్తారని కబురు. తోరణంలో ఒక ఆకు పెద్దది, ఒకటి చిన్నది, కొన్ని పక్కకు ఒరిగి ఉన్నాయి. రాత్రి నేనే దాన్ని దించి, ఆకులన్నీ ఒకే కొలతకు కొత్తగా కత్తిరించి కట్టాను. పాతవి చెత్తబుట్టలో వేశాను. తెల్లవారాక మామ్మగారు చాలాసేపు గోడవైపు చూసి, "బాగుంది సిస్టరమ్మా, ఎవరు చేశారు?" అన్నారు.

నాకు జవాబు రాలేదు. ఆ తర్వాత నాలుగు రోజులు ఆమె బల్ల దగ్గరకు రాలేదు. "ఈ చేతికి ఇంక పనులెందుకులెండి" అన్నారు. పది రోజుల్లో చేతికి వచ్చిన ధైర్యాన్ని నేను ఒక్క రాత్రిలో తీసేశాను. అయిదో రోజు పక్కన కూర్చుని, "నేనే తీసేశాను మామ్మగారూ, తప్పయింది" అని చెప్పాను. "అడిగితే నేనే సరిచేద్దును కదమ్మా" అన్నారు. మళ్లీ కాగితం తెప్పించుకున్నారు. ఆ రెండో తోరణం కూడా వంకరే. ఆమె ఇంటికి వెళ్లేదాకా అది గోడ మీదే ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ కార్యాలయం 2019లో మూడు వేలకు పైగా అధ్యయనాలను పరిశీలించి, కళలు ఆరోగ్యానికి మేలు చేయగలవని నివేదిక ఇచ్చింది. సంతోషం. కాని ఆ మేలు చేసేవారికి కలగాలంటే పని వారి చేతిదై ఉండాలి. మనం చేసి వారి మంచం దగ్గర పెడితే అది మన అలంకరణే.

ఇళ్లలో చేయించాలనుకునేవారికి మా అనుభవం నుండి కొన్ని మాటలు.

మామిడాకుల తోరణం: ఆకుపచ్చ చార్టు కాగితాన్ని 15 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల వెడల్పు ముక్కలు చేయండి. ముక్కను నిలువుగా మడిచి, అంచును అర ఆకు ఆకారంలో కత్తిరించి విప్పితే ఆకు వస్తుంది. పై అంచును దారం మీదుగా మడిచి అంటించాలి.

మోదుగ కొమ్మ: గోధుమరంగు కాగితంతో ఆకులు లేని కొమ్మ చేసి గోడకు అతికించండి. క్రేప్ కాగితాన్ని వేలెడు ముక్కలుగా చింపి, ఒక కొస మెలిపెట్టి కొమ్మకు అంటించాలి. దీనికి కత్తెరతో పనిలేదు. చేతులు వణికేవారికి ఇదే సులువు.

నెల పలక: పెద్ద అక్షరాలతో నెల, వారం, తేదీ రాసి, చుట్టూ ఆ కాలపు పూలు అంటించండి. కూర్చున్నవారి కంటి ఎత్తులో పెట్టండి. మతిమరుపు ఉన్నవారికి ఇది చాలా ఆసరా. తేదీ రోజూ మార్చకపోతే మాత్రం మేలుకన్నా కీడే ఎక్కువ.

జాగ్రత్తలు కూడా వినండి. షుగరు వల్ల వేళ్లు మొద్దుబారినవారికి కత్తెర తెగినా తెలియదు. వారికి చింపే పనే ఇవ్వండి. మైదా జిగురు మంచిదే కాని, పురుగు పట్టకుండా పూర్వం కలిపే మైలుతుత్తం విషం, అది వద్దు. ఏ రోజు జిగురు ఆ రోజే కాచుకోండి. మతిమరుపు ఎక్కువైనవారు నోట్లో పెట్టుకునేంత చిన్న పూసలు, చమ్కీలు ఇవ్వకండి. శుక్లాలు ఉన్నవారికి లేత రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్లు ఉంటాయి. తెల్ల గోడ మీద ఎరుపు, నారింజ బాగా కనబడతాయి. ఆక్సిజన్ సిలిండరు దగ్గర, కరెంటు స్విచ్చుల దగ్గర కాగితం కట్టవద్దు. దుమ్ము పట్టకముందే తీసేయండి. తీసేముందు చేసినవారిని అడగండి. పని అరగంట మించనివ్వకండి.

అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త చివర చెబుతున్నాను. వారు మడత వేస్తుంటే మన చేయి ముందుకు వెళ్తుంది. అప్పుడు చేతులు వెనక్కి కట్టుకోండి. ఆకు వంకరగా వస్తే రానివ్వండి. కింద వారి పేరు రాయండి. రేపు మనవడు వచ్చి, "ఇది ఎవరు చేశారు?" అని అడిగితే, "నేనే" అనే మాట మంచం మీది నుండి రావాలి. ఆ ఒక్క మాట కోసమే ఈ కాగితాలన్నీ.