అది ఉత్త అరుపు కాదు మహాప్రభో!

మొన్న మన తెలుగువాళ్ళ ఉగాది సంబరాల్లో ఒక 'కామెడీ ఐటం' చూశాను. ఐదుగురు కుర్రాళ్ళు పంచెలు ఎగ్గట్టి, నాలుకలు బయటపెట్టి, తొడలు చరుచుకుంటూ నోటికొచ్చిన కేకలు పెట్టారు. హాకా అట! హాలంతా ఒకటే నవ్వులు. పక్కనున్న పెద్దాయన "ఆ కేకలకి అర్థమేముందిలెండి, కొట్టుకునే ముందు రెచ్చగొట్టుకోవడమేగా" అన్నారు. మర్యాదకి నేనూ నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక ఆ నవ్వే గొంతులో అడ్డం పడింది. అందుకే ఈ గోల.

రగ్బీ ఆటకి ముందు ఆల్ బ్లాక్స్ చేసే 'క మటె' పుట్టింది 1820 ప్రాంతంలో. కట్టినవాడు న్గాటి టోఆ తెగ నాయకుడు టె రౌపరాహా. శత్రువులు తరుముకొస్తుంటే రోటోఆయిరా సరస్సు దగ్గర ఒక చిలగడదుంపల పాతరలో దాక్కున్నాడట. అక్కడి నాయకుడి భార్య టె రంగికోఆయె ఏమీ ఎరగనట్టు వచ్చి ఆ పాతర మీదే కూర్చుందట. పైన వెతికేవాళ్ళ అడుగులు, కింద ఇతని గుండెచప్పుడు. వాళ్ళు వెళ్ళిపోయాక ఎండలోకి వచ్చి ఎగిరి గంతేసి పాడిన పాట ఇది. ఇందులో యుద్ధమెక్కడుందండీ? పైగా తనని కాపాడిన నాయకుణ్ణి ఒంటినిండా బొచ్చున్న మనిషిగా తలుచుకుంటాడని చాలామంది చెప్పే అర్థం. ప్రాణం నిలబెట్టినవాడితో ఆ చనువు చూడండి!

రెండు గొంతులుగా పాడితే ఈ సంగతి ఇంకా తెలుస్తుంది. నాయకుడి వంతులో చావు భయం, బృందం వంతులో బతికిన సంబరం. మన బుర్రకథ తెలిసినవాడికి ఇది కొత్తేమీ కాదు. కథకుడు వీరావేశంతో ఊగిపోతుంటే పక్కన హాస్యగాడు గిల్లుతూనే ఉంటాడు. భాష తెలియని తెల్లాయన ఎవరైనా బుర్రకథ చూసి "ముగ్గురు మనుషులు, బోలెడు గోల" అని రాస్తే మనం ఊరుకుంటామా? బ్లాగులన్నీ ఏకం చేసి దుమ్ము దులపమూ?

రెండో హాకా 'కపా ఒ పంగో' సంగతీ అంతే. డెరెక్ లార్డెల్లి రాశారు. 2005 ఆగస్టు 27న డునెడిన్‌లో దక్షిణాఫ్రికా మీద మొదటిసారి చేశారు. ఇది గట్టిదే, కాదనను. చివర్లో చేతిని మెడకి అడ్డంగా తిప్పడం చూసి 'పీక కోస్తామంటున్నారు' అని పెద్ద రభస జరిగింది. అది జీవశక్తిని గుండెలోకీ ఊపిరితిత్తుల్లోకీ లాక్కోవడమని రాసినాయన చెప్పారు. నమ్మినవాళ్ళు నమ్మారు, లేనివాళ్ళు లేదు.

"ఆల్ బ్లాక్సే దీన్ని బెదిరింపులా చేసి అమ్ముకుంటున్నారు, మా కుర్రాళ్ళనే అంటారేం?" అని అడగొచ్చు. సగం నిజమే. టీవీలో కనపడేది చాలావరకు ఆ సగమే. కానీ ఇక్కడ పెళ్ళిలోనూ హాకా చేస్తారు, శవం ముందూ చేస్తారు. బెదిరించడానికేనా?

2014లో ఇక్కడి పార్లమెంటు చట్టం చేసి మరీ 'క మటె' కర్త టె రౌపరాహా అని రాసిపెట్టింది. వ్యాపారానికి ప్రచురించినా, సినిమాలో వాడినా ఆయన పేరు చెప్పాలి. స్టేజీ మీద చేస్తే చెప్పక్కర్లేదు. కాబట్టి మన కుర్రాళ్ళది నేరం కాదు. వాళ్ళకి తెలియదు, అంతే. తెలుసుకోవాలని కూడా లేదు, నా కడుపుమంట అది. మన పిల్లలు ఇక్కడి బడుల్లో శ్రద్ధగా నేర్చుకుంటున్న దాన్ని తండ్రులు వెకిలి చేస్తే, రేపు ఆ పిల్లలు ఎవరి మొహం చూడాలి?

నిర్వాహకులకి ఫోన్ చేశాను. "కామెడీ కదా అన్నా, సీరియస్ అవకండి" అన్నాడు తమ్ముడు. దసరాకి మళ్ళీ వేస్తారట. న్గాటి టోఆ వాళ్ళుండే పోరిరువా వెలింగ్టన్ నుంచి కారులో ఇరవై నిమిషాలు. అడిగి నేర్చుకుందామని ఎవరైనా వస్తానంటే నా బండిలో నాలుగు సీట్లు ఖాళీ.